నాన్నను ఫోటో తీయబోయేవారికి పన్నెండు సూచనలు

కెమెరా పట్టిన ప్రతివాళ్ళకీ ఇప్పుడు ఒక 'ప్రాజెక్టు' కావాలి. కాశీ ఘాట్లు అయిపోయాయి. పుష్కర్ ఒంటెలు అయిపోయాయి. మక్కామసీదు ముందు పావురాలు లేవగొట్టించుకుని లేవగొట్టించుకుని విసిగిపోయాయి. ఇక మిగిలింది ఇంట్లో ఉన్న నాన్న. రైలు టికెట్టు అక్కర్లేదు, లాడ్జి ఖర్చు లేదు, మోడల్‌కి ఇచ్చేదీ ఏమీ లేదు. అందుకే 'మా నాన్న' అని పేరు పెట్టి ఏదో ఒకటి మొదలుపెడదామని చాలామంది ఉబలాటపడుతున్నారు.

ఉబలాటం మంచిదే. కానీ పద్ధతి తెలియకుండా దిగితే ఒక ప్రమాదం ఉంది. ఆయన ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఫోటోలో పడిపోవచ్చు. ఆ తర్వాత బంధువుల్లో తలెత్తుకోవడం కష్టం. అలాంటి అనర్థం జరక్కుండా అనుభవజ్ఞుల పద్ధతుల్ని ఒకచోట చేర్చి ఇస్తున్నాం. వరసగా పాటించండి.

1. ముందు కెమెరా కొనండి

జేబులో ఉన్న ఫోన్‌తో నాన్నను తీయడం పిల్లచేష్ట. ఫుల్‌ఫ్రేమ్ బాడీ, 85 ఎం.ఎం. లెన్సు ఒకటి, 35 ఒకటి, స్టాండు, భుజానికి సంచి, ఇవన్నీ సమకూరాకే శుభారంభం. వాయిదాల మీద కొంటే రెండేళ్ళలో తీరిపోతుంది. ఈలోగా యూట్యూబ్‌లో లెన్సుల రివ్యూలు చూస్తూ ఉండండి. నాన్న పక్కగదిలో టీవీ చూస్తూనే ఉంటాడు, ఎక్కడికి పోతాడు?

తొందరపడ్డవాళ్ళ గతి ఏమైందో తెలుసా? ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర రిచర్డ్ బిల్లింగ్‌హామ్ అని ఒక కుర్రాడు బొమ్మలు వేయడం నేర్చుకుంటూ, నమూనాగా పనికొస్తాయి కదా అని తల్లినీ తండ్రినీ చవకరకం ఫిల్ముతో తీసుకున్నాడు. తండ్రి రే తాగుడుకి అలవాటుపడ్డ మనిషి. ఉండేది ఇరుకైన ప్రభుత్వ ఫ్లాటు. కొన్ని ఫోటోలు మసక, కొన్నిట్లో ఫ్లాష్ మొహం మీద ఫెళ్ళున కొట్టింది. 1996లో అవే 'రేస్ ఎ లాఫ్' అనే పుస్తకమయ్యాయి. 2001లో కళాకారులకిచ్చే టర్నర్ ప్రైజు తుది జాబితాలోకి ఆయన పేరెక్కింది. 2018లో ఆ ఇంటి మీద ఆయనే సినిమా కూడా తీశాడు. మంచి లెన్సు ఉండి ఉంటే ఈ గొడవంతా తప్పేది కాదా?

2. తండ్రుల దినోత్సవం దాకా ఆగండి

జూన్ మూడో ఆదివారం. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టి ఖాయం చేసిన ముహూర్తం. మిగతా 364 రోజులూ ఆయన నీళ్ళ మోటారు వేసే మనిషి, గ్యాస్ బుక్ చేసే మనిషి, 'బండి మెల్లగా నడుపు' అని చెప్పే మనిషి. వాటిల్లో ఫోటోకి పనికొచ్చేది ఏముంది?

ఆ రోజు సాయంత్రం ఒక బ్లాక్‌ఫారెస్ట్ కేకు తెప్పించండి. ఆయనకు షుగరున్న సంగతి ఆ పూటకి మర్చిపోండి. ముక్క నోటి దగ్గర పెట్టి, ఆయన నోరు తెరిచీ తెరవకముందే క్లిక్ చేయండి. కేకు తినక్కర్లేదు, పెట్టినట్టు పడితే చాలు. 'నా మొదటి హీరో' అని రాసి స్టేటస్ పెట్టండి. మర్నాడు ఆయన ఏదో చెప్పబోతే 'ఆఫీసుకి టైమైంది నాన్నా' అనండి. ఈ ఏటి ప్రాజెక్టు పూర్తయినట్టే.

3. ముస్తాబు చేయించండి

లుంగీ, చేతుల బనీను, ఎడమ భుజం మీద తువ్వాలు: ఇది మీ నాన్న యూనిఫారం అని వీధిలో అందరికీ తెలుసు. తెలిసినదాన్ని మళ్ళీ ఫోటో తీయడం దేనికి? ఈ విషయంలో అమ్మ సహాయం తీసుకోండి.

'ఏవండీ, పిల్లాడు ఫోటో తీస్తానంటున్నాడు. ఆ చిల్లుల బనీను విప్పి పెద్దమ్మాయి పెళ్ళికి కుట్టించిన సఫారీ వేసుకోండి.'

'అది పట్టడం లేదే.'

'ఊపిరి బిగపట్టుకోండి, ఒక్క నిమిషమేగా.'

ఊపిరి బిగపట్టిన ఆ నిమిషమే మనకు కావలసింది. జుట్టుకు రంగు వేయించడం మర్చిపోకండి. నుదుటి దగ్గర కాస్త చర్మానికి అంటుకున్నా ఫర్వాలేదు, ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఉంది. అది ముడతలతోపాటు నలభై ఏళ్ళు ఎండలో తిరిగిన ఆనవాళ్ళన్నీ తుడిచేస్తుంది. అప్పుడు ఆయన మీ తమ్ముడిలా కనిపిస్తాడు. చూసినవాళ్ళు మెచ్చుకుంటారు.

4. వెనక గోడ ఖాళీ చేయండి

నాన్న కూర్చునే మూలని ఒకసారి పరీక్షగా చూడండి. మేకుకు వేలాడే వెంకట్రామా కేలండరు. అందులో తేదీల పక్కన పాలవాడు రాని రోజులకు చిన్న ఇంటూ గుర్తులు, గ్యాస్ బండ మార్చిన రోజున 'గ్యా' అని ఒక్క అక్షరం, తాతగారి తద్దినం రోజున సున్నా చుట్టిన తిథి. కిందే ఇనప ఊచకి గుచ్చిన కరెంటు బిల్లులు. పాతవి అడుగున, కొత్తవి పైన, ఏ ఒక్కటీ పారేసింది లేదు. షేవింగు అద్దం వెనక దోపిన మందుల చీటీ. కిటికీ గూట్లో దారం కట్టిన కళ్ళజోడు. రిమోట్‌కి తొడిగిన పాలిథిన్ కవరు, కవరుకి రబ్బరు బ్యాండు. పక్కన గుడ్డసంచిలో మూడు తరాల పొలం కాగితాలు.

ఈ చెత్తంతా ఫోటోలో పడితే పరువేం కావాలి? అన్నీ తీసేసి ఒక తెల్లదుప్పటి కట్టండి. తీయడానికి బద్ధకమైతే పోర్ట్రెయిట్ మోడ్ పెట్టండి, వెనకున్నదంతా మసకైపోతుంది. ఆ మనిషి ఇల్లు ఎలా నడిపాడో చెప్పే ఆధారం ఒక్కటీ మిగలదు.

ఈ సూచన తెలియక చెడిపోయినవాడు మిచ్ ఎప్‌స్టీన్. మీరా నాయర్ 'సలాం బాంబే'కి కళాదర్శకత్వం చేసిన మనిషే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, హోలియోక్ ఊళ్ళో వాళ్ళ నాన్నకు ఫర్నిచర్ కొట్టు, కొన్ని అద్దె ఇళ్ళూ ఉండేవి. ఊరూ వ్యాపారమూ కలిసి దెబ్బతిని, కొట్టు మూసేసే దశకొచ్చాక ఈయన కెమెరా పట్టుకుని ఇంటికెళ్ళాడు. వెళ్ళినవాడు నాన్నను మాత్రం తీసి ఊరుకోవాలా? నాన్న బ్రీఫ్‌కేసును తీశాడు. చాకలికొట్టు నుంచి వచ్చి ప్లాస్టిక్ కవర్లోనే వేలాడుతున్న జెండాను తీశాడు. 2003లో 'ఫ్యామిలీ బిజినెస్' అని పుస్తకం వేస్తే, ఆ సామాన్లను చూసే జనం ఆ తండ్రి జీవితం ఇదన్నమాట అని అర్థం చేసుకున్నారు. మనిషి ఉండగా బ్రీఫ్‌కేసుకి ఫోటో ఏమిటండీ?

5. అటెన్షన్‌లో నిలబెట్టండి

మన నాన్నలకు ఫోటో అంటే ఏమిటో నేర్పింది స్టూడియో. వెనక పరదా మీద తాజ్‌మహలో, పూలతోటో, కొండమీదైతే గుడి గోపురమో. ఎదురుగా గుండు గీయించుకున్న కుటుంబం వరసగా. 'గడ్డం కొంచెం పైకి, కదలకండి' అని నల్లగుడ్డ కింద నుంచి ఒక గొంతు. ఆ గొంతు ఆగి ఎన్నేళ్ళయినా కెమెరా చూడగానే ఆయన చేతులు వాటంతటవే పంటు కుట్టు దగ్గరకు పోతాయి, మొహంలో నవ్వు మాయమవుతుంది. ఈ సంస్కారాన్ని చెదరగొట్టకండి.

కొందరు తెలివితక్కువ వాళ్ళు కెమెరా ఒళ్ళో పెట్టుకుని అరగంట కబుర్లు చెబుతారు. ఆయన దాన్ని మర్చిపోయి, చెప్పుల జత పోగొట్టుకున్న పెళ్ళి గురించో, మొదటి జీతంతో కొన్న ఫ్యాను గురించో చెబుతూ చెయ్యి ఊపినప్పుడు మెల్లగా నొక్కుతారు. కిటికీ వెలుతురు ఒక పక్కనుంచి పడితే చాలు, ఫ్లాషెందుకని వాళ్ళ వాదన. అరగంట నాన్నతో కూర్చునే తీరిక ఎవరికుందండీ? 'నాన్నా, స్మైల్' అనండి. ఆయన పళ్ళు కనబడేలా పెదాలు సాగదీస్తాడు. ఆ మాత్రం చాలు.

6. పని చేస్తుంటే తీయకండి

ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే మనిషైనా, కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే మనిషైనా, ఆర్టీసీ బస్సు నడిపే మనిషైనా, పని దగ్గర చెమట ఉంటుంది. చెమట ఫోటోకి పనికిరాదు. రిటైరయ్యాక శాలువా కప్పుతారు కదా, అప్పుడు తీద్దురుగాని. శాలువా, పూలదండ, గోడ గడియారం, వెనక ఫ్లెక్సీ. ముప్పై ఐదేళ్ళ ఉద్యోగానికి ఒక్క ఫోటో.

చాలా ఇళ్ళలో పాత చేతక్ స్కూటరు ఇంకా మెట్ల కింద ఉంది. పొద్దున్నే అది అలిగితే నాన్న ఏం చేసేవాడో గుర్తుందా? కిందకి దిగి, చెప్పు సర్దుకుని, బండిని ఒక పక్కకి వంచి, గర్భిణీ స్త్రీని పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఒక్క క్షణం అలాగే ఆపి, మళ్ళీ నిలబెట్టి, చోక్ లాగి, కిక్కు మీద శరీరం బరువంతా వేసేవాడు. రెండోసారికి అంటుకునేది. వెనక సీటు మీద మీరు, ముందు నిలబడి చెల్లెలు, మధ్యలో క్యారేజీ. ఆ వంచడం ఇప్పుడెవరికీ అవసరం లేదు. కొత్తగా వచ్చే చేతక్ కరెంటుది, బటన్ నొక్కితే కదులుతుంది. కాబట్టి ఆ బండి పాతసామాన్లవాడికి వేసేలోపు ఒక్కసారి వంచి చూపించమని నాన్నను అడగడం లాంటి వెర్రిపనులు పెట్టుకోకండి. నడుం పట్టేస్తుంది.

7. అమ్మను కత్తిరించండి

ప్రాజెక్టు పేరు 'నాన్న'. అందులో అమ్మకేం పని? నాన్న పేపరు చదువుతుంటే కాఫీ గ్లాసు పట్టుకున్న ఒక చెయ్యి ఫ్రేములోకి వస్తుంది. కత్తిరించండి. మాత్రల డబ్బాలో సోమవారం గడి తెరుస్తూ ఒక తల అడ్డమొస్తుంది. కత్తిరించండి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తుంటే, అది నాన్న పని కాదు కాబట్టి అసలు తీయనే తీయకండి. చూసేవాళ్ళకి, ఈయనకు కాఫీ గాల్లోంచి వస్తుందనీ, చొక్కా గుండీలు వాటంతటవే కుట్టుకుంటాయనీ అనిపించాలి. అదే కళ.

8. ఆసుపత్రి దాకా ఆగండి

ఆరోగ్యంగా ఉన్న నాన్న ఫోటోకు లోతు రాదు. సెలైన్ సీసా వేలాడాలి, చేతి మీద నరాలు తేలాలి, మొత్తం నలుపు-తెలుపులో ఉండాలి. అప్పుడు చూసినవాళ్ళు నిట్టూరుస్తారు. దీనికి పెద్దల ఉదాహరణ కూడా ఉంది. లోకంలోని ప్రముఖులందరినీ తెల్లగోడ ముందు నిలబెట్టి తీసిన రిచర్డ్ అవెడాన్, తన తండ్రి జేకబ్ ఇజ్రాయెల్ అవెడాన్‌ను 1969 నుంచి 1973 దాకా తీశాడు. క్యాన్సర్ ముదిరేకొద్దీ ఆ మొహం ఎలా మారిందో ఆ ఫోటోల్లో ఉంది. 1974లో న్యూయార్క్ మోడరన్ ఆర్ట్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది. అంతటి ఆయనే తండ్రి ముసలితనంలో ఆ పని చేశాడంటే మనకి తొందరేమిటి?

ఈ గంభీరమైన సంప్రదాయాన్ని చెడగొట్టినవాడు ఫిలిప్ టొలెడానో. 2006లో తల్లి హఠాత్తుగా పోయాక, తండ్రికి అప్పటికప్పటి సంగతులు గుర్తుండడం లేదని ఆయనకు తెలిసింది. మీ అమ్మ ఏదిరా అని ముసలాయన పదేపదే అడిగేవాడు. ప్రతిసారీ నిజం చెబితే ప్రతిసారీ కొత్తగా ఏడుపు. చివరికి, పారిస్‌లో జబ్బుపడిన తన సోదరుణ్ణి చూసుకోడానికి ఆమె వెళ్ళిందని చెప్పడం మొదలుపెట్టాడు. ఇంతవరకూ బాగానే ఉంది, కావలసినంత విషాదం. కానీ 2010లో వచ్చిన 'డేస్ విత్ మై ఫాదర్' పుస్తకంలో ఆ ముసలాయన రెండు బిస్కట్లు ఛాతీకి చెరోపక్కన పెట్టుకుని కొంటెగా నవ్వించే ఫోటో కూడా వేశాడు. ఏడిపించాల్సిన చోట ఈ వెకిలితనం ఏమిటి? జబ్బుమనిషి నవ్వకూడదని మనకు తెలియదూ?

9. దూరంగా ఉంటే వదిలేయండి

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పక్క పల్లెల్లో బాపు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్ళు బోలెడు. ఆయన సెలవు మీద వచ్చినప్పుడే తండ్రి. మిగతా రోజుల్లో శుక్రవారం పూట వీడియోకాల్‌లో కనిపించే ఒక మొహం. వెనక అంతస్తుల మంచాలు, తీగె మీద ఆరేసిన పనిబట్టలు, ఎవరిదో పాట. బొమ్మ ఆగిపోయి మొహం గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. 'ఇనవడ్తుందా బిడ్డా?' అని గొంతు మాత్రం వస్తుంది. ఆ తెరని నొక్కి దాచుకోవడం ఏమిటి, అది ఫోటోనా? ఆయన పెట్టెనిండా దుప్పట్లు, సబ్బులు సర్దుకుని విమానాశ్రయంలో దిగినప్పుడు తీయండి, కొత్త చొక్కా ఉంటుంది.

ఇక పిల్లలే అమెరికాలో ఉంటే పద్ధతి వేరు. అమ్మానాన్నల్ని ఆరు నెలలకు రప్పించి, ఆయనకు కోతిటోపీ, స్వెటరు, స్పోర్ట్స్ బూట్లు వేయించి నయాగరా ముందు నిలబెట్టండి. ఆయన సియాటిల్ వంటింట్లో మనవరాలి స్కూలు టైము కోసం గడియారం చూస్తూ కూర్చున్న మధ్యాహ్నాలు, వీధి చివరిదాకా నడిచి ఎవరూ కనబడక వెనక్కి వచ్చిన సాయంత్రాలు, పెరట్లో గోంగూర మొలిచిందో లేదో వంగి చూసిన పొద్దులు వద్దు. అవి ఊళ్ళో చుట్టాలకి చూపించేవి కావు.

10. పొడిగించకండి

ఒక ఆదివారంలో తేలిపోవాల్సిన పనిని ఏళ్ళ తరబడి సాగదీసే వ్యసనపరులున్నారు. నికొలస్ నిక్సన్ అనే అమెరికన్ 1975లో తన భార్యనూ, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్ళనూ అదే వరసలో నిలబెట్టి తీయడం మొదలుపెట్టి, ఏటా తీస్తూ నలభై ఏళ్ళు దాటించాడు. ఒక్కో ఫోటోలో విశేషమేమీ లేదు, నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. వరసగా చూస్తే మాత్రం కళ్ళముందే వయసు గడుస్తుంది. ఏడాదికోసారి అన్నంత మాత్రాన అది తేలిక వ్యవహారం కాదు, మర్చిపోకుండా తీయాలి.

జపాన్‌లో మసహిసా ఫుకసే మరీ విపరీతం. హొక్కైడో దీవిలో బిఫుకా అనే ఊళ్ళో వాళ్ళది ఫోటో స్టూడియోనే. 1971లో ఇంటిల్లిపాదినీ అదే స్టూడియోలో నిలబెట్టి గ్రూపు ఫోటో తీశాడు. తర్వాత కొన్నేళ్ళకోసారి మళ్ళీ. మధ్యలో అల్లరిగా వాళ్ళ వీపులు కెమెరా వైపు తిప్పించాడు, ఎవరో అమ్మాయిల్ని మధ్యలో నిలబెట్టాడు. 1987లో తండ్రి పోయాడు. తర్వాతి గ్రూపులో ఆయన స్థానంలో ఆయన పటమే పెట్టి తీశాడు. 1989లో స్టూడియో మూతబడింది. 1991లో ఆ ఫోటోలు 'కజోకు', అంటే కుటుంబం, పేరుతో పుస్తకమయ్యాయి. సరదాగా మొదలైనది చివరికి ఒక ఇంటి చరిత్ర అయి కూర్చుంది. అంత దూరం మనకెందుకు?

11. ఆయన మాట అడగకండి

ఫోటో మీది, కెమెరా మీది, అకౌంటు మీది. మొహం మాత్రమే ఆయనది. తీసిన వెంటనే పెట్టేయండి. లుంగీ పైకి కట్టి పంపు బిగిస్తున్న ఫోటోకి వెయ్యి లైకులొస్తే, ఆయన స్నేహితులు వాకింగులో ఆయన్ని ఆటపట్టిస్తే, అది కళకి ఆయన చెల్లించే పన్ను.

లారీ సుల్తాన్ ఈ చిన్న ధర్మం పాటించక ఎంత తిప్పలు పడ్డాడో! కాలిఫోర్నియాలో తల్లి జీన్‌నూ తండ్రి ఇర్వింగ్‌నూ పదేళ్ళపాటు తీశాడు. తండ్రి ఒకప్పుడు షిక్ బ్లేళ్ళ కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. సూటు వేసుకుని మంచం అంచున దిగాలుగా కూర్చున్న ఫోటో చూసి, ఇది నేను కాదు, ఇందులో ఉన్నది నువ్వే అని ఆ పెద్దాయన పేచీ పెట్టాడు. కొడుకు ఏం చేయాలి? పోనీలే అని ఊరుకోవాలి. ఈయన ఊరుకోకుండా ఆ పేచీని రికార్డు చేసి, తండ్రి మాటల్ని ఫోటోల పక్కనే అచ్చేశాడు. 1992లో వచ్చిన ఆ 'పిక్చర్స్ ఫ్రమ్ హోమ్'లో ఏది నిజమైన నాన్న బొమ్మ, కొడుకు చూసిందా, తండ్రి తన గురించి అనుకున్నదా అని తేల్చుకోలేక జనం ఇప్పటికీ చదువుతున్నారు. 2023లో బ్రాడ్‌వేలో నాటకంగా కూడా ఆడింది. అడిగితే ఇంతే, నాన్నకూ ఒక అభిప్రాయం ఉందని తెలిసిపోతుంది.

12. అచ్చు వేయకండి, ఏమీ రాయకండి

ఫోటోలన్నీ ఫోన్‌లోనే ఉంచండి, ఫోన్ పోయినప్పుడు పోతాయి. పంచుకోవాలంటే వాట్సాప్‌లో మామూలుగా పంపండి. అది ఫోటోని నొక్కి చిన్నది చేస్తుంది, తీసిన తేదీని కూడా ఊడబెరుకుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది కాబట్టి ఆ పని చేయకండి. పాత ప్రింట్లుంటే జిగురు పేజీల ఆల్బమ్‌లో అంటించండి, పదేళ్ళకి పేజీ పీకితే ఫోటో చిరుగుతుంది.

వెనక ఏదైనా రాయాలనిపిస్తే బాల్‌పెన్‌తో గట్టిగా నొక్కి రాయండి, అక్షరాలు నాన్న నుదుటి మీద ఉబ్బుతాయి. మెత్తటి పెన్సిలుతో ఊరు, సంవత్సరం, పక్కనున్న మనిషి పేరు సున్నితంగా రాసి ఊరుకునేవాళ్ళ మాట వినకండి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ పక్కనున్నది కృష్ణారావు బాబాయా, వెంకటేశం పెదనాన్నా అని ఇంట్లో తగాదా రావాలి కదా.

పాఠకుల ప్రశ్నలు

మా నాన్నగారితో నాకు మాటల్లేవు. తీయవచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఫోటో తీయాలంటే ఒకే గదిలో కూర్చోవాలి. 'కిటికీ వైపు జరగండి' అనాలి. ఆయన 'ఇటా?' అంటాడు. 'ఆ, అటే' అనాలి. ఇలా మొదలైనవి ఎక్కడికి దారితీస్తాయో చెప్పలేం.

పాత ఆల్బముల్లో అందరూ ఉన్నారు, నాన్న ఒక్కరే లేరు. ఎందుకని?

కెమెరా ఆయన చేతిలో ఉండేది కాబట్టి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి ఉమ్రావ్ సింగ్‌లాగా కెమెరాను తనవైపు కూడా తిప్పుకునే అలవాటు మన నాన్నలకు లేదు. ఉమ్రావ్ సింగ్ దశాబ్దాల తరబడి తననూ, భార్యనూ, కూతుళ్ళనూ తీసిపెట్టాడు. 2000ల మొదట్లో మనవడు వివాన్ సుందరం ఆ ఫోటోలనే కలిపి కొత్త చిత్రాలు చేశాడు. మీ ఆల్బములో అలాంటి భాగ్యం లేదంటారా? పోనివ్వండి. కింద గడ్డి మీద పడ్డ నీడ ఆయనదే, దానితో సరిపెట్టుకోండి.

నాన్న పోయారు. ఇప్పుడేం చేయను?

వాచీ, కళ్ళజోడు, డైరీలు, క్యారేజీ గిన్నె, అన్నీ పాతసామాన్లవాడికి తూకానికి వేసేయండి. వాటిని కిటికీ దగ్గర ఒక్కొక్కటిగా పెట్టి తీసి, ఒక్కో వస్తువు గురించి అమ్మ చెప్పింది రాసుకుంటే అది కూడా ఒక ప్రాజెక్టు అయిపోయే ప్రమాదముంది.

పై పన్నెండూ తు.చ. తప్పకుండా పాటించినవారికి మా హామీ ఒకటే. పదకొండో రోజుకు పటం కావలసివచ్చినప్పుడు ఇల్లంతా ఫోన్లు వెతుకుతారు. ఎవరిదో పెళ్ళిలో పక్కవాడి భుజంతో సహా ఒకటి దొరుకుతుంది, అది పనికిరాదు. చివరికి ఏదో దరఖాస్తుకి ఇచ్చిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో స్టూడియోకి వెళుతుంది. స్టూడియో కుర్రాడు దాన్ని పన్నెండు ఇంటూ పద్దెనిమిదికి పెంచి, వెనక నీలం రంగు పోసి, ఆయన జన్మలో తొడగని కోటు, టై తగిలిస్తాడు. ఫ్రేము, గంధపు చెక్క దండ, ఎర్ర బల్బు. మనవలకు తాతయ్య అంటే ఆ కోటాయనే.

ఇంత చెప్పినా వినని మొండివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళకి మా చివరి హెచ్చరిక: ఈ ఆదివారం పొద్దున నాన్న పేపరు చదువుకునే వేళ, ఆయన్ని అడిగి, ఉన్న బనీనుతో, ఉన్న గోడ ముందు, అమ్మను కూడా పిలిచి, చేతిలో ఉన్న ఫోన్‌తోనే తీసి, అచ్చు వేయించి, వెనక పెన్సిలుతో తేదీ, ఊరు రాసి పెట్టుకున్నారంటే, తర్వాత జరిగేదానికి మేము బాధ్యులం కాము.